చివరి తడి

చలికాలమంతా హమ్మూ చేసిన పెద్ద పని ఏదైనా ఉందంటే, ఎండ వెంట జరగడమే. పొద్దున టీ తాగి వచ్చి మసీదు గోడకి ఒక చివర చేరగిలబడేవాడు. నీడ పాదాల మీదికి పాకితే ఒక బారెడు జరిగేవాడు. మళ్ళీ నీడ వస్తే మళ్ళీ జరిగేవాడు. మధ్యాహ్నం నమాజు అయ్యాక పేక, చీకటి పడ్డాక ఇంట్లో పొయ్యి పక్కన గొంగడి. అట్లాస్ కొండల మీద మంచు కూర్చున్నాక మగవాడికి పనేముంటుంది? నేల రాయి, కాలవ మంచుగడ్డ. ఊళ్ళో మగవాళ్ళంతా అలాగే కూర్చున్నారు కాబట్టి దాన్ని ఎవరూ సోమరితనం అనలేదు, చలికాలం అన్నారు.

బాదం చెట్లు పూతకొచ్చిన వారం, ఊరి నీళ్ళ పంపకం చూసే నీరుగంటి జాయిద్ ఆ గోడ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చేతిలో కొలకర్ర ఉంది. అది కనిపించగానే పేక ముక్కలు అంగీ జేబుల్లోకి పోయాయి.

"రేపు కాలవ. రేపూ ఎల్లుండీ పూడికతీత. ఎల్లుండి సాయంత్రం నేను చూడ్డానికొస్తా. ఇంటికో మగాడు, ఎవరి వంతు వాళ్ళు. వంతుల హద్దులకి సున్నం పూసిన రాళ్ళు పెట్టొచ్చాను, నా రాయి ఇక్కడ కాదు అక్కడుండాలని పేచీలొద్దు" అన్నాడు జాయిద్.

"మరి లేవడానికి పట్టుకోడానికేమన్నా ఇస్తావా?" అన్నాడు మొహా. ఆ గోడ దగ్గర నవ్వులన్నీ మొహావే. "మన హమ్మూని చూడు, గోడకి వేళ్ళు దిగాయి. లాగితే గోడే ఊడొచ్చేలా ఉంది."

హమ్మూ నవ్వాడు. ఎడం చెయ్యి మోకాలి మీద, కుడి చెయ్యి గోడ మీద ఆనించి లేచాడు. మోకాళ్ళు రెండూ టప్‌మన్నాయి. అది అందరికీ వినపడిందేమోనని అటూ ఇటూ చూశాడు. వినపడినట్టే ఉంది.

"బావా, ఈసారి నీ వంతు పెద్ద అక్రోటు చెట్టు కింద పడింది. వేళ్ళుంటాయి, చూసుకో" అని జాయిద్ మెల్లిగా చెప్పాడు. జాయిద్ హమ్మూ భార్య తూదాకి సొంత అన్న. ఆ మాటలో సాయం ఉందో హెచ్చరిక ఉందో హమ్మూకి తెలియలేదు.

ఇంటికి వెళ్ళేసరికి తూదా అప్పుడే కొండ దిగి వస్తోంది. వీపు మీద పుల్లల మోపు. వెనక నుంచి చూస్తే మోపుకి కాళ్ళొచ్చి నడుస్తున్నట్టుంటుంది. మోపు దించి, నుదుటి మీది తాడు తీసి, నీళ్ళు తాగి, "కాలవకి పిలిచారట కదా?" అంది.

"పిలిచారు."

"పార కామ నానబెట్టు మరి. నాలుగు నెలలు పొయ్యి మీద వేలాడింది. కర్ర ఎండి బిగువు తప్పుంటుంది."

"పార నానబెట్టడం కూడా నువ్వు నేర్పాలా నాకు?" అన్నాడు హమ్మూ.

నేర్పనక్కర్లేదు. పార తలకాయని, దానిలో దూరిన కర్ర కొసని ఒక రాత్రంతా నీళ్ళలో ఉంచితే కర్ర ఉబ్బి ఇనుముని గట్టిగా పట్టుకుంటుందని ఈ కొండల్లో పుట్టిన ఎవరికైనా తెలుసు. హమ్మూ టీ తాగాక నానబెడదామనుకున్నాడు. ఆ తర్వాత బార్లీ జావ వచ్చింది, జావ తర్వాత గొంగడి వచ్చింది. పార కొక్కానికే ఉండిపోయింది.

మర్నాడు కాలవ గట్టు మీద తలో పారా పట్టుకుని ఊరంతా నిలబడింది. నిలబడినవాళ్ళలో సగం మందికి నడుం పట్టీలు బిగించిన చోట పొట్టలు రెండుగా విడిపోయి ఉన్నాయి. నాలుగు నెలల రొట్టె, ఆలివ్ నూనె ఎక్కడికి పోతాయి? హమ్మూ బిస్మిల్లా అని పార ఎత్తాడు. మొదటి దెబ్బ మట్టిలో దిగింది. రెండోది కూడా దిగింది. మూడో దెబ్బకి ఎత్తితే కర్ర ఒక్కటే పైకొచ్చింది. ఇనుప తలకాయ వెనక్కి ఎగిరి మొహా కాళ్ళ దగ్గర పడింది.

"ఓరి నాయనో! వసంతం వచ్చిందని అందరివీ చెట్లు చిగురిస్తే, ఇతని పార మాత్రం తల రాలుస్తోంది!" అన్నాడు మొహా.

కాలవ పొడుగునా నవ్వారు. హమ్మూ కూడా నవ్వాడు గానీ చెవులు వేడెక్కాయి. చిన్న చెక్క మేకు చెక్కి, తలకాయలో దిగ్గొట్టి, మళ్ళీ మొదలుపెట్టాడు. మేకు వేసిన పార ఎంతసేపు నిలుస్తుంది? నాలుగు దెబ్బలకోసారి రాయి మీద కొట్టి బిగించాలి. పైగా అక్రోటు వేళ్ళు. చలికాలంలో కొండ మీంచి జారిన రాళ్ళూ ఆకులూ కుళ్ళిన బురదా కాలవని సగం నింపేశాయి. బురద ఎత్తి గట్టు అవతల పోస్తుంటే, మొదట అరచేతులు మండాయి, తర్వాత నడుం పట్టేసింది, తర్వాత ఊపిరి గొంతులోనే ఆగి అటే వెనక్కి పోవడం మొదలుపెట్టింది. పార మీద ఆనుకుని నిలబడ్డాడు. తన చేతులు ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు. పోయినేడు ఇదే పని పాడుకుంటూ చేశాడు.

నిలబడిన చోటి నుంచి కింద ఇజ్జా వంతు కనిపిస్తోంది. ఇజ్జా ఒంటరి ఆడమనిషి. మొగుడు పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. అంగీ కుచ్చిళ్ళు నడుం దగ్గర దోపి, మోకాలి లోతు బురదలో దిగి, ఎక్కడా ఆగకుండా తీస్తోంది. ఆమె వంతు ఎంత బాగా తీసినా ఒకటే. ఇంట్లో మగాడు లేడు కాబట్టి ఆమె పని లెక్కలోకి రాదు. అందరి పొలాలూ తడిశాక మిగిలిన నీళ్ళు ఆమెవి. పూడిక మాత్రం తియ్యాలి. పోయిన వసంతంలో ఊరి సభలో ఎవరో ఈ సంగతి కదిపితే, "పద్ధతంటే పద్ధతే" అని గట్టిగా అన్నవాళ్ళలో హమ్మూ ఒకడు. ఆ మాట అన్నప్పుడు అతని ఒళ్ళు బాగుంది.

పొద్దు వాలేసరికి అతని వంతు సగం కూడా కాలేదు.

ఇంట్లో బోర్లా పడుకుంటే తూదా అతని వీపుకి కొండవాము వేసి కాచిన ఆలివ్ నూనె రాసింది. ఆమె బొటనవేళ్ళు నడుం దగ్గర దిగినప్పుడల్లా అతను మూలిగాడు.

"ఎంత మిగిలింది?" అంది.

"కొంచెం."

"కొంచెమంటే?"

తూదా చేతులు ఆగాయి. "ఎండబెట్టే పైగాలి మొదలైందయ్యా. పొలానికి పోయి చూసొచ్చా. బార్లీ కొసలు వాడుతున్నాయి. రేపు సాయంత్రానికి వంతు పూర్తి కాకపోతే మనకి ఇజ్జాతో పాటు చివరి తడే. అప్పటిదాకా ఆ చేను ఉండదు. ఏడాది రొట్టె అది" అంది.

"తెలుసు."

"నేనూ వస్తా రేపు."

"నువ్వొస్తే అందరూ చూస్తారు. నువ్వు చెయ్యేస్తే అది లెక్కలోకి రాదు. తెలీనట్టు మాట్లాడతావేం?" అన్నాడు హమ్మూ.

తూదా నూనె గిన్నె మీద మూత పెట్టి లేచింది.

పొద్దున మెలకువ వచ్చేసరికి హమ్మూకి ఒళ్ళు కదలలేదు. మెడ తిప్పితే వీపు దాకా లాగింది. గోడ పట్టుకుని కూర్చుని, గోడ పట్టుకుని లేచి బయటికొస్తే, ఆవు పాలు పితికి ఉన్నాయి, రొట్టె గుడ్డలో చుట్టి ఉంది, తూదా లేదు. పార కూడా లేదు. అతనికి అర్థమైంది. కాళ్ళు ఈడ్చుకుంటూ కాలవ దారి పట్టాడు.

ఎండ ఇంకా శిఖరం దిగలేదు. ఊరివాళ్ళెవరూ రాలేదు. అక్రోటు చెట్టు కింద తూదా ఉంది. అతని వంతు కొద్దిగా తప్ప అంతా అయిపోయింది. కాలవ అడుగు నున్నగా ఉంది, గోడలు నిలువుగా ఉన్నాయి, తీసిన బురదని గట్టు మీద పరిచి పార వీపుతో తట్టి గట్టిపరిచింది. అడ్డం వచ్చిన వేళ్ళని కొడవలితో కోసి కట్ట కట్టి పక్కన పెట్టింది, పొయ్యిలోకి. హమ్మూ అంతా చూశాడు. తూదా ఊపిరి చూశాడు. మామూలుగా ఉంది.

"ఆయాసం రాలేదా?" అన్నాడు.

"దేనికి?"

"అదే, చలికాలమంతా కూర్చుని ఒక్కసారిగా లేచి..."

తూదా పార ఆపింది. నవ్వొచ్చింది ఆమెకి, నిజంగానే వచ్చింది. "కూర్చుందెవరయ్యా?" అంది.

మంచు పడ్డ పొద్దుల్లో ఇంటికప్పు మీద చెక్కపారతో తూదా మంచు తోసిన చప్పుడు హమ్మూకి తెలుసు. గొంగడి కింద వెచ్చగా పడుకుని వినేవాడు. ఊట దగ్గర మంచుగడ్డ పగలగొట్టి తెచ్చిన నీళ్ళతో టీ తాగాడు. మోకాలి లోతు మంచులో కొండెక్కి తెచ్చిన పుల్లల వేడికి కాళ్ళు చాపాడు. అన్నీ చూశాడు. చూస్తూనే, ఊరంతా కూర్చుని ఉందనుకున్నాడు. అతనికి సిగ్గేసింది. పార తల ఊడి అందరూ నవ్వినప్పటి సిగ్గు కాదిది, దానికంటే లోపలిది.

"ఏం నిలబడ్డావు? ఆ చివర నువ్వు గీకు, చేతికి బురద అంటనీ" అంది తూదా. తను తెచ్చుకున్న గడ్డిమోపులో కొడవలి దోపుకుని, పార అతనికిచ్చింది. "ఎవరడిగినా నువ్వే తీశావు. నోరు జారావో, నేను ఊరుకోను." మోపు ఎత్తుకుని పైదారిన వెళ్ళిపోయింది.

సాయంత్రం జాయిద్ వచ్చాడు. అతని వెనక ఊళ్ళో మగవాళ్ళు వచ్చారు. ఒక్కొక్కరి వంతు దగ్గరా ఆగి, కొలకర్ర కాలవలో దించి లోతు చూసి, తలూపి కదులుతున్నాడు. తలూపితే ఆ ఇంటికి దాని స్థానంలో తడి. హమ్మూ పొలం కాలవ పైభాగంలో ఉంది, తలూపాడంటే మొదటి తడి అతనిదే.

అక్రోటు చెట్టు దగ్గర జాయిద్ ఎక్కువసేపే ఆగాడు. వంగి గోడ మీద అరచేయి పెట్టి చూశాడు. "అబ్బో, బావా! నిన్న నిన్ను చూసి భయపడ్డాను. చూడండ్రా, పూడికంటే ఇట్లా తియ్యాలి" అన్నాడు.

మొహా కూడా చూసి, "మసీదు గోడ వదిలిన మొదటిరోజు మూలిగింది ఇతనేనా?" అన్నాడు. ఎవరో హమ్మూ భుజం తట్టారు. తట్టిన చోట నొప్పి పుట్టింది. పైదారి మీద ఆడవాళ్ళు గడ్డి దించుకుని నిలబడి చూస్తున్నారు. వాళ్ళలో తూదా ఉంది. అతని వైపే చూస్తూ తల అడ్డంగా, కొద్దిగా ఊపింది. వద్దు. హమ్మూ చేతిలో పార చూసుకుంటూ ఊరుకున్నాడు.

జాయిద్ కిందికి నడిచాడు. ఇజ్జా తన వంతు చివర నిలబడి, గడ్డి పరకతో పార తుడుచుకుంటోంది. జాయిద్ కర్ర దించాడు, గోడ తడిమాడు. హమ్మూ వంతులాగే ఉంది. ఇంకా చెప్పాలంటే ఇదే కాస్త లోతుగా ఉంది.

"బాగుంది. కానీ నీకు తెలుసు కదమ్మా. ఇంట్లో మగచెయ్యి లేదు. చివరి తడి" అన్నాడు జాయిద్.

"తెలుసన్నా. బురదకి మాత్రం నేను కావాలి, నీళ్ళకి అక్కర్లేదు" అంది ఇజ్జా. కోపంగా అనలేదు. ప్రతి ఏడూ అనే మాటలాగే అంది. వెనక ఎవరో నవ్వారు కూడా.

"అయితే నాదీ చివరి తడే" అన్నాడు హమ్మూ.

అనాలని అనుకోలేదు, అనేశాడు. అందరూ వెనక్కి తిరిగారు.

"ఏంటి బావా, ఎండదెబ్బా?" అన్నాడు జాయిద్.

"నా వంతు నేను తియ్యలేదు. నిన్నటి సగం నాది. ఇందాక నువ్వు అరచెయ్యి పెట్టి చూసిన గోడ నీ చెల్లెలు తీసింది. నాది లెక్కలోకొస్తే ఇజ్జాదీ రావాలి. ఆమెది రాకపోతే నాదీ రాదు."

మొహా నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. జాయిద్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "నేను తలూపాను. అయిపోయింది. ఆ మాట నేను విన్లేదు. నువ్వూ అనలేదు. చెల్లెలి చేను కూడా అదే బావా, ఆలోచించు" అన్నాడు.

హమ్మూ ఆలోచించాడు. పైదారి వైపు చూడ్డానికి ధైర్యం చాల్లేదు. "అన్నాను" అన్నాడు.

జాయిద్ మొహం బిగుసుకుంది. "రెండూ రావు" అని కొలకర్ర భుజాన వేసుకుని ముందుకు సాగాడు.

ఇంట్లో తూదా రొట్టె పెట్టింది. తను తినలేదు. అతను రెండు ముక్కలు తిన్నాక మొదలుపెట్టింది.

"మంచి మాటే అన్నావు. ఊరంతా విన్నారు. రేపు నీ గురించి చెప్పుకుంటారు. ఆ మాట ఖరీదు ఎవరిచ్చారు?"

"తూదా, ఇజ్జా అట్లా నిలబడి..."

"ఇజ్జా సంగతి నాకు చెప్పకు. దానితో కలిసి రోజూ కొండెక్కేది నేను, నువ్వు కాదు. పొద్దు పొడవకముందు బురదలో దిగింది కూడా నేనే. నువ్వు నీదేమిచ్చావు చెప్పు? నా పనీ నా చేనూ తీసి ఇచ్చేశావు. ఒక్క మాట అడిగావా నన్ను?"

హమ్మూ చేతిలో రొట్టె అలాగే ఉంది. ఆమె అన్నదాంట్లో తప్పు ఎక్కడుందా అని వెతికాడు. లేదు. అందరి ముందు నిజం చెప్పడం కష్టమనుకున్నాడు గానీ, అది కూడా ఇంకొకరి వీపు మీది మోపేనని అతనికి తోచలేదు.

చివరి తడి వాళ్ళకి ఇంకో పని ఉంటుంది. ముందు తడివాళ్ళ పొలాలు తడుస్తున్నన్నాళ్ళూ కాలవకి ఎక్కడ బొక్క పడ్డా వాళ్ళకి పట్టదు, నీళ్ళు వాళ్ళకి ముందే అందుతాయి. ఎలుక బొక్కలు, కారే గట్లు చివరివాళ్ళే పూడ్చుకోవాలి, లేకపోతే వాళ్ళ రోజు వచ్చేసరికి దారిలోనే ఇంకిపోతుంది. ఏటా ఇజ్జా ఒక్కతే కొండ మొదలు నుంచి కిందిదాకా తిరిగి ఆ పని చేసేది. ఈసారి ఆమె వచ్చి గుమ్మంలో నిలబడి "వదినా, పోదామా?" అంటే, తూదా లోపలి నుంచే "మాటన్నవాడు వస్తాడు" అంది.

హమ్మూ వెళ్ళాడు. ఇజ్జా చాలా ముందు నడిచింది, అతను చాలా వెనక నడిచాడు. ఎక్కే దారిలో ఊపిరి అందక రాయి రాయికీ కూర్చున్నాడు. "ఇక్కడ కారుతోందన్నా" అని పైనుంచి కేకేసి ఆమె వెళ్ళిపోయేది. అతను వెళ్ళి బురద అద్దేవాడు. మర్నాడు చూస్తే అదే బొక్క మళ్ళీ తెరుచుకునేది. మోకాళ్ళు, నడుం, భుజాలు వంతులేసుకుని నొప్పి పెట్టాయి. దారిలో పార భుజానేసుకుని ఎదురైన మొహా, "గోడ నీ కోసం బెంగ పెట్టుకుంది" అన్నాడు. హమ్మూకి నవ్వడానికి గాలి చాల్లేదు.

కొన్ని రోజులయ్యాక ఒక పొద్దున అతను బొక్క పూడుస్తుంటే వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి ఆ బురదని లాగి పారేసింది. తూదా.

"ఉత్త బురద నిలుస్తుందా? గడ్డి కలపాలి. ముందు గడ్డి ముద్ద లోపలికి దూర్చి, దాని మీద బంకమన్ను, దాని మీద రాయి." చేసి చూపించింది. ఆ రోజు నుంచి ముగ్గురూ నడిచారు. ఆడవాళ్ళిద్దరూ ముందు, అతను వెనక. మెల్లమెల్లగా అతను కూర్చునే రాళ్ళు తగ్గాయి. ఒకరోజు తూదా వెనక్కి తిరిగి చూస్తే అతను వెనకే ఉన్నాడు, ఆమె ముందుకి తిరిగింది.

వాళ్ళ తడి రోజున వంతు మధ్యాహ్నం దాటాక వచ్చింది. తూము దగ్గర జాయిద్, "పొద్దు గుంకేవరకే. ఆ తర్వాత కాలవ మళ్ళీ ముందు తడివాళ్ళది" అన్నాడు. చెల్లెలి మొహం చూడకుండా అన్నాడు. "దారిలో మీ చేనే ముందు. ముందు మీది తడుపుకోండి. మిగిలితే ఇజ్జాకి. ఇది కూడా పద్ధతే."

కాలవలో నీళ్ళు సన్నగా ఉన్నాయి. పైన మంచు కరగడం తగ్గింది. పొద్దు గుంకేలోగా రెండు చేలకి సరిపోవని చూస్తేనే తెలుస్తోంది. ఇజ్జా చేనుకి కాలవ ఇంకా చాలా దూరం పోవాలి, అది కొండ వంపు అవతల ఉంది. ఆమె అక్కడ ఎదురుచూస్తోంది.

హమ్మూ, తూదా తమ చేని గట్టు మీద నిలబడ్డారు. బార్లీ కొసలు పసుపు తిరిగాయి గానీ మొదళ్ళు ఇంకా పచ్చగా ఉన్నాయి. నీళ్ళు వచ్చి వాళ్ళ మడవ దగ్గరి పల్లంలో నిండుతున్నాయి. మట్టికట్ట తీస్తే చేలోకి, తియ్యకపోతే కిందికి. పార హమ్మూ చేతిలోనే ఉంది. అతనికి చెప్పాలనుంది. ఏం చెప్పాలో కూడా తెలుసు. కానీ ఈసారి నోరు తెరవలేదు. పార తూదాకి ఇచ్చి పక్కకి జరిగాడు.

తూదా పార పట్టుకుని చేను వైపు చూసింది. చాలాసేపు చూసింది. ఒక మొక్క పీకి వేళ్ళు చూసి, మళ్ళీ అక్కడే నాటి, మట్టి నొక్కింది. అతని వైపు ఒకసారి చూసింది, ఏమైనా అంటాడేమోనని. అతను అనలేదు.

ఆమె వంగి, తమ మడవ కట్ట మీద ఇంకో రెండు పారల మట్టి వేసి, పార వీపుతో తట్టింది. నీళ్ళు కాసేపు అక్కడే సుడి తిరిగి, కిందికి మళ్ళాయి.

"దానిది చిన్న చేను. ముందు అదే తడవనీ. మొదలు పచ్చగా ఉంది, మనది ఇంకో నాలుగు రోజులు ఆగుతుంది, ఊట నుంచి మోద్దాం" అంది. ఆ ఊట నుంచి చేనుకి నీళ్ళు మోయడమంటే ఏమిటో హమ్మూకి తెలుసు. ఆ బిందెల్లో సగం తన భుజం మీదికి ఎక్కుతాయని కూడా తెలుసు.

"సరే" అన్నాడు.

"సరే అని నిలబడతావేం? వంపు దగ్గర కట్ట మూసుంది. నీళ్ళు నీకంటే ముందు అక్కడికి పోతే గట్టు తెగుతుంది. పరిగెత్తు!"

హమ్మూ అంగీ ఎత్తి నడుం దగ్గర దోపుకుని పరిగెత్తాడు. పక్కన కాలవలో నీళ్ళు ఎండుటాకులు తోసుకుంటూ, మట్టి నాకుతూ, అతనితో సమంగా వస్తున్నాయి. రెండు రాళ్ళు దాటాడు, మూడోదాని మీంచి దూకాడు. ఊపిరి అందుతోంది. వంపు తిరిగేసరికి నీళ్ళు నాలుగు అడుగులు వెనకబడ్డాయి. చేతులతోనే కట్ట తవ్వి తీసి, చేను గట్టు మీద కూర్చుని ఉన్న ఇజ్జాకి వినపడేలా కేకేశాడు.

"లే చెల్లెమ్మా, మడవ తియ్యి! మీ వదిన నీళ్ళు పంపింది!"